జర్మనీ ప్రొఫెసర్‌గారికి ఆర్డర్ తొమ్మిది చెప్పిన రోజు

మేడలు కూలితే పేపర్లో వేస్తారు. వంతెనలు కూలినా వేస్తారు. నేను ఒక కోర్టు హాల్లో బుద్ధిగా కూర్చుని మా మేనత్త దావాను కూల్చేసిన సంగతి మాత్రం ఏ పేపరూ వేయలేదు. అందుకని నేనే రాస్తున్నాను. ఇందులో నవ్వొచ్చే చోట్లు ఉన్నాయి. నవ్వండి, నేనేమీ అనుకోను. మా అత్త కూడా నవ్వింది. ఆవిడ నవ్వాక అక్కడున్నవాళ్లం కాసేపు ఒకరి మొహం ఒకరం చూసుకోలేకపోయాం, అంతే.

ముందు నా గురించి కొంచెం. నేను మాట్లాడే మనిషిని కాను. బస్సులో కండక్టర్ "ఎక్కడికి?" అంటే చెప్పాల్సిన ఒక్క ముక్క కోసం బస్సు రాకముందు నుంచీ మనసులో రిహార్సల్ చేసుకునే రకం. సికింద్రాబాద్‌లో కార్ఖానా స్టాపులో దిగాల్సినదాన్ని, "ఆపండి" అనడానికి గొంతు రాక తిరుమలగిరి దాకా వెళ్లి, అక్కడ ఎవరో దిగుతుంటే వాళ్ల వెనకాలే దిగి, ఎండలో వెనక్కి నడిచొచ్చిన రోజులున్నాయి. అనలేని మాటలన్నీ డైరీలో రాసుకుంటాను. నా డైరీలో నేను మహా వాగుడుకాయను. మిగిలిన టైమంతా చదువుతాను. మా అమ్మ నేను బ్యాంకు పరీక్షలకు చదువుతున్నాననుకునేది. నేను చదివింది సివిల్ ప్రొసీజర్ కోడ్. అంటే సివిల్ కోర్టులో దావా ఎలా వేయాలి, ఎలా నడపాలి, ఎప్పుడు ఎవరు ఏం చేయాలి అని చెప్పే చట్టం. తోటి అమ్మాయిలు ప్రేమకథలు దిండు కింద దాచుకునే వయసులో నేను దాన్ని దాచుకున్నాను. ఇప్పుడు మీకు నా మీద జాలి కలిగి ఉంటుంది. అట్టే పెట్టుకోండి, ముందు ముందు అవసరమవుతుంది.

చదివిన చదువుకు తగ్గట్టే ఒక లా కాలేజీలో పరిశోధన సహాయకురాలిగా ఉద్యోగం వచ్చింది. రాజ్యం మేడం దగ్గర. మేడంది గుంటూరు వైపు. గొంతు విప్పితే పక్క బ్లాకులో క్లాసు ఆగిపోతుంది. ఏ దేశపు సివిల్ కోర్టు కేసును ఎలా నడుపుతుందో పోల్చి చూసే కార్యక్రమం ఒకటి ఆవిడ చూసుకునేవారు. ఒక ఏడాది మనవాళ్లు అక్కడికి వెళ్తారు, ఇంకో ఏడాది వాళ్లు ఇక్కడికి వస్తారు. ఆ ఏడాది జర్మనీ నుంచి ఒక పెద్దాయన, జపాన్ నుంచి ఒక యువతి వచ్చారు. ఇద్దరూ ప్రొఫెసర్లే. పెద్దాయన తలుపుల కింద నుంచి వంగి నడిచేంత పొడుగు. ఆవిడ ఆయన మోచేతి దాకా వచ్చేది.

సెమినార్లు అయ్యాయి, పేపర్లు చదవడాలు అయ్యాయి. అప్పుడు పెద్దాయన, "రూల్స్ చూశాం. ఇప్పుడు ఒక మామూలు రోజు, ఒక మామూలు కోర్టు, ఒక మామూలు మనిషి కేసు చూడాలి" అన్నారు.

రాజ్యం మేడం నా వైపు తిరిగారు. "ఏవమ్మా స్వప్నా, నీకు తెలిసిన కేసేదైనా ఉందా? ఊరికే పోయి కూర్చుంటే వీళ్లకేం అర్థమవుతుంది చెప్పు?"

ఏ రోజూ నోరు తెరవని నేను ఆ రోజు తెరిచాను. "మా అత్తది ఉంది మేడం" అన్నాను.

మా మేనత్త సులోచన. మారేడ్‌పల్లిలో ఒక పాత ఇంట్లో పై వాటాలో ఉండేది. మామయ్య పోయాడు, పిల్లలు లేరు. కింది వాటాలో ఆవిడ మరిది యాదగిరి ఉండేవాడు. అన్న పోయిన కొన్నాళ్లకు "ఇల్లు మొత్తం నాది, అమ్మ నాకే ఇచ్చింది" అన్నాడు. అత్త తన భర్తకు రావాల్సిన సగం తనకు పంచి ఇప్పించమని దావా వేసింది. ఆవిడ అత్తగారు, అంటే యాదగిరి అమ్మ, మంచాన పడ్డ ఏళ్లన్నీ ఉన్నది పై వాటాలోనే. ఒళ్లు తుడిచిందీ తినిపించిందీ సులోచనత్తే. ఆ మంచం గోడకు రాసుకుని పడ్డ గీత ఇంకా ఉండేది. "నన్నొక్కసారి బోనెక్కనియ్యుండ్రి. గామె నాతోని ఏమన్నదో జడ్జి ముంగట నేనే చెప్త. ఇగ ఇల్లు వస్తె వచ్చె, పోతె పాయె" అనేది. ఎన్నో వాయిదాల తరువాత ఆవిడ బోనెక్కే రోజు రానే వచ్చింది. సరిగ్గా ఆ రోజుకే నేను విదేశీ అతిథులను తీసుకొస్తానన్నాను.

"అత్తా, జర్మనీ నుంచి, జపాన్ నుంచి ప్రొఫెసర్లు వచ్చిన్రు. నీ కేసు చూస్తమంటున్నరు."

"నా కేసా? గాళ్ల దేశంల కేసులు లేవా ఏంది?"

"ఉన్నయి. మనయి, వాళ్లయి పోల్చి చూస్తరు."

"ఏం జూస్తరే? ఎవలది ఎక్కువ లేటైతదనా?"

"అట్లాంటిదే."

"అయితె రమ్మను. మనమే గెలుస్తం."

ఆ రోజు అత్త గద్వాల చీర కట్టుకుని వచ్చింది. పెదవులు కదులుతున్నాయి. గుడిలో స్తోత్రం చదువుకుంటున్నట్టు, చెప్పాల్సినవి వరసగా లోపలే చెప్పుకుంటోంది. హాలు కిక్కిరిసి ఉంది. బెంచీ మీద ఒకాయన పక్కకు జరిగి, "వదినా, గిటు కూసో. గక్కడ ఫ్యాన్ గాలి రాదు" అన్నాడు. అత్త కూర్చుంది.

జర్మనీ ప్రొఫెసర్‌గారు వంగి నన్ను అడిగారు. "ఈ మర్యాదస్తుడెవరు?"

"ప్రతివాదండీ."

ఆయన కళ్లు పెద్దవయ్యాయి. "అయితే వీళ్లు రాజీ పడ్డారా?"

"లేదండీ. ఫ్యాన్ ఒకటే ఉంది."

ఆయన అది శ్రద్ధగా రాసుకున్నారు. మన న్యాయవ్యవస్థలో ఫ్యాన్ పాత్ర మీద ఇప్పటికి ఎక్కడో ఒక వ్యాసం వచ్చే ఉంటుంది.

మొదటిసారి కేసు పిలిచినప్పుడు మా వకీలు నర్సింగరావుగారు లేచి కాసేపు టైమడిగారు. జడ్జిగారు, నెమ్మదిగా మాట్లాడే ఒక మేడం, సరేనన్నారు. ఆయన ఫైలు చంకన పెట్టుకుని మా దగ్గరికొచ్చారు. "పైన ఇంకో హాల్లో నాదొక ఆర్గ్యుమెంట్ ఉంది, చెప్పేసొస్త. మధ్యల పిలిస్తె పరేషాన్ గాకుండ్రి. ఎవలన్న ఒకరు లేచి ‘ప్యాసోవర్ మేడం’ అనుండ్రి. జెరసేపు పక్కన వెడ్తరు. అంతే."

ఇక్కడే, పాఠకులారా, నా చదువు తలెత్తింది. ప్యాసోవర్! కోడ్ నేను అట్ట నుంచి అట్ట దాకా చదివాను. ఆ మాట అందులో ఎక్కడా లేదు. పైగా "ఎవలన్న ఒకరు" అట! కోర్టులో మాట్లాడే హక్కు పార్టీకి ఉంటుంది, వకీలుకు ఉంటుంది. "ఎవలన్న ఒకరు" అనే మనిషికి ఏ రూలు కింద ఉంటుంది? ఈయన చదువుకునే రోజుల్లో సరిగ్గా చదవలేదు కాబోలు అనుకుని, ఆయన మీద కొంచెం జాలి కూడా పడ్డాను.

కాసేపటికి అత్త నా మోకాలు గిల్లింది. "గా పిల్ల మొకం జూడే. చెమటలు వడ్తున్నయి."

జపాన్ ప్రొఫెసర్‌గారు కళ్లు సగం మూసుకుని నిటారుగా కూర్చున్నారు. "శ్రద్ధగ వింటున్నరు అత్తా" అన్నాను.

"శ్రద్ధ గాదే పిచ్చిదానా, కండ్లు తిరుగుతున్నయి ఆ పిల్లకు!"

నిజమే. ఆవిడ పక్కకు వాలబోయింది.  ఇంగ్లీషులో ఏమని అడగాలా అని వాక్యం కూర్చుకుంటున్నాను. అత్త ఈలోగానే లేచి, ఆవిడ చంక కింద చెయ్యి వేసి, "నడువు బిడ్డా, జెర గాలికి పోదాం, ఏం గాదు" అంది. అచ్చ తెలంగాణ తెలుగులో. జపాన్ ఆవిడకు ప్రతి ముక్కా అర్థమైనట్టు లేచి నిలబడింది.

వెళ్తూ అత్త నా వైపు వంగింది. "నువ్వు గీడనే కూసో. పిలిస్తె చెప్పు, బయటికి పోయింది, వస్తదని. చెప్తవ్ గదా?"

"చెప్త అత్తా."

"గట్టిగ చెప్పు. నీ గొంతు నాకే ఇనబడదు."

యాదగిరి మోకాళ్లు ముడుచుకుని వాళ్లిద్దరికీ దారిచ్చాడు. "బాటిల్ల నీళ్లున్నయి, తీస్కపో వదినా" అని తన సీసా కూడా ఇచ్చాడు.

వాళ్లు గడప దాటారో లేదో, అటెండర్ మా కేసు పిలిచాడు. అత్త పేరు, యాదగిరి పేరు. యాదగిరి లేచి నిలబడ్డాడు, ఆయన వకీలూ లేచాడు. జడ్జిగారు తలెత్తారు.

"ప్లెయింటిఫ్?"

నేను లేచాను. లేచానంటే పూర్తిగా కాదు. కూర్చోవడానికీ నిలబడడానికీ మధ్య ఒక భంగిమ ఉంటుంది, బెంచీ కింద చెప్పు వెతుక్కుంటున్న మనిషిలాగా. ఆ భంగిమలో ఆగిపోయాను. హాలంతా నా వైపు తిరిగింది. నోరు తెరిచాను. 

జడ్జిగారు నన్ను చూసి మెత్తగా అడిగారు. "ఏమ్మా, మీరు పార్టీయా?"

ఆ ప్రశ్నలో ఏ లోటూ లేదు. లోటంతా ప్రశ్న విన్న బుర్రలో ఉంది. వాది ఎవరు? మా అత్త. నేను మా అత్తనా? కాదు. వకీలునా? కాదు. చట్టప్రకారం ఈ ప్రశ్నకు ఒకటే సరైన జవాబు.

"కాదండీ" అన్నాను. కూర్చున్నాను.

ఇంతవరకు కోర్టులో నేను పలికిన మాట అదొక్కటే. తప్పు లేని మాట. గట్టిగానే పలికాను కూడా, అత్త చెప్పినట్టు.

జర్మనీ ప్రొఫెసర్‌గారు నా చెవి దగ్గరికి వంగారు. "ఇప్పుడేం జరుగుతుంది?"

అప్పుడు నా గొంతు పెగిలింది! గుసగుసగా, కానీ గోదావరిలా వచ్చేసింది. "ఆర్డర్ తొమ్మిదండీ. ప్రతివాది హాజరై వాది హాజరు కాకపోతే రూల్ ఎనిమిది కింద దావా కొట్టేస్తారు. ఇద్దరూ రాకపోతే రూల్ మూడు. రెండింటికీ తేడా ఏమిటంటే..." తేడా ఏమిటో చెప్పాను. ఉదాహరణ చెప్పాను. ఆయన ముఖం వెలిగిపోయింది. "మా దగ్గర గైర్హాజరైన పార్టీకి వ్యతిరేకంగా తీర్పే ఇచ్చేస్తారు" అన్నారు. "అవునండీ, కానీ దాని మీద అభ్యంతరం చెప్పుకోవడం మీ దగ్గర సులువు. మా దగ్గర తగిన కారణం చూపించాలి" అన్నాను. "అద్భుతం!" అన్నారు. నన్ను జీవితంలో ఎవరూ ఆ మాట అనలేదు.

ఏం జరుగుతోందో నాకు తెలియదనుకోకండి. తెలుస్తూనే ఉంది. అవతలి వకీలు "వాది లేరు మేడం, పొద్దున కూడా టైమడిగారు" అనడం వింటున్నాను. జడ్జిగారు తలుపు వైపు ఒకసారి చూడడం, "వకీలు కూడా లేరా?" అనడం, కాసేపు ఆగడం చూస్తున్నాను. కానీ తెలిసిన ప్రశ్న పడ్డ విద్యార్థి బల్ల కింద మంట లేచినా జవాబు పూర్తి చేసే లేస్తుంది. నేను రూల్ తొమ్మిది దగ్గర, పోయిన దావాను మళ్లీ తెరిపించుకునే దగ్గర ఉండగా, జడ్జిగారు కాగితం మీద ఏదో రాసి పక్కన పెట్టారు.

యాదగిరి నేల చూస్తున్నాడు. వదిన ఎక్కడుందో, పిలిచింది ఎవరి కేసో రెండూ తెలిసినవాళ్లం ఆ హాల్లో ఇద్దరమే. ఇద్దరం నోరు మెదపలేదు. ఆయనకు ఇల్లు కావాలి. నాకేం కావాలో ఇప్పటికీ తెలియదు.

"చాలా స్పష్టంగా చెప్పారు" అన్నారు, తెలుగు పిలుపులో పేర్లు పట్టుకోలేక నోట్సులోనే తల వంచుకుని ఉన్న ప్రొఫెసర్‌గారు. "ఇంతకీ ఈ కేసు ఎవరిది?"

"మా అత్తది" అన్నాను.

ఆయన కళ్లజోడు తీసేశారు.

అత్త తిరిగొచ్చింది. ఒక చేతిలో సగం తాగిన నిమ్మకాయ సోడా. రెండో చెయ్యి జపాన్ ఆవిడ పట్టుకుని ఉంది, చిన్నపిల్లలా. ఆవిడ ముఖంలోకి రక్తం తిరిగొచ్చింది. అదంతా నా ముఖంలోంచే పోయినట్టుంది.

"పిలిచిన్రా?"

"అత్తా..."

"ఏందే?"

"కొట్టేసిన్రు."

"అయ్యో, ఎవల్ని?"

"కేసు అత్తా. నీ కేసు."

అత్త నన్ను చూసింది. జడ్జిగారి కుర్చీ వైపు చూసింది. అక్కడ అప్పటికే ఇంకెవరిదో కేసు నడుస్తోంది. తరువాత చిన్నగా నవ్వింది. "పొద్దున్నించి నోట్లె వెట్టుకుని కూసున్న గదనే గా మాటలన్ని. ఇప్పుడేం జెయ్యాలె వాటిని?"

నర్సింగరావుగారు మెట్ల మీద నుంచి పరుగున దిగొచ్చారు. "ఒక్కరు లేవలేదా? ఒక్క మాట అనలేదా?"

"నేను పార్టీని కాదు కదండీ" అన్నాను.

"గట్లని ఎవలు చెప్పిన్రమ్మా నీకు?"

"కోడ్‌లో..."

"కోడ్ చదివినవా నువ్వు?"

"మొత్తం."

ఆయన నెత్తిన చెయ్యి పెట్టుకున్నారు. "మొత్తం చదివినోళ్లను కోర్టుకు తోలుకరావద్దక్కా" అని అత్తతో అన్నారు. లోపలికెళ్లి బతిమాలారు. జడ్జిగారు విని, "ఆర్డర్ చెప్పేశానండీ, పిటిషన్ వేసుకోండి" అన్నారు.

సాయంత్రం రాజ్యం మేడం ఫోన్ చేశారు. "ఏవమ్మా, అతిథులకి కేసు చూపించమంటే ముగింపు కూడా చూపించేశావంటగా!" అని నవ్వబోయి, నా ఏడుపు వినపడి ఆగిపోయారు. "ఊరుకో అమ్మా, ఊరుకో. మీ అత్తగారికి ఫోనివ్వు" అన్నారు. ఆవిడ అంత చిన్న గొంతుతో మాట్లాడగలరని అప్పుడే తెలిసింది.

పోయిన దావా తెరిపించమని పిటిషన్ వేశాం. దానికీ వాయిదాలే. వాది అశ్రద్ధగా ఉంది, కేసు మీద ఆసక్తి లేదు అని యాదగిరి కౌంటర్ వేశాడు. ఆ తరువాత బెంచీ మీద ఆయన పక్కకు జరగడం మానేశాడు. అత్త వెనకాల గోడ దగ్గర నిలబడేది. "కేసు పోయినా గింత బాధ గాలే. గాడు జరుగకుంట కూసుంటుండు చూడు, గదే మనసున వడ్తలేదు" అంది ఒకరోజు.

ఒక లోక్ అదాలత్ రోజున అత్త రాజీ కాగితం మీద సంతకం పెట్టేసింది. ఇల్లు యాదగిరికి. ఆవిడకు యాప్రాల్‌లో ఒక చిన్న ఫ్లాటు.

నేను చేతులు పట్టుకుని బతిమాలాను. "అత్తా, పిటిషన్ అలౌ అయితది. అప్పుడు బోనెక్కి అన్నీ చెప్పొచ్చు. నువ్వు చెప్తనన్నవ్ గదా."

"వద్దు బిడ్డా. అన్ని మరిచిపోయిన" అంది. ఆటోలో సామాను ఎక్కించాక మళ్లీ అంది. "మరిచిపోలే. చెప్పబుద్ధి అయితలేదు."

అత్తగారు ఆవిడతో ఏమన్నదో నాకు తెలియదు. అడిగాను. "జడ్జికి చెప్పేది నీకెందుకే" అంది. అది అక్కడితో ఆగిపోయింది. జడ్జికీ తెలియదు, యాదగిరికీ తెలియదు. ఇక ఎవరికీ తెలియదు.

కొన్నాళ్లకు జర్మనీ ప్రొఫెసర్‌గారు కాలేజీకి తన కొత్త వ్యాసం పంపారు. కోర్టుకు పార్టీ రాకపోతే ఏ దేశంలో ఏం జరుగుతుంది అన్నది విషయం. ఒక పేజీ అడుగున చిన్న అక్షరాల్లో మా అత్త కేసు ఉంది. దాన్ని పట్టుకుని యాప్రాల్ వెళ్లాను. ఆవిడకు సంతోషంగా ఉంటుందనుకున్నాను. నా అంచనాలెప్పుడూ ఇంతే.

"ఏం రాసిండే నా గురించి?" అంది టీ వడగడుతూ.

తెలుగులో చెప్పాను. "సికింద్రాబాద్‌లో ఒక ఇంటి పంపకం దావాలో వాది హాజరు కాకపోవడంతో..."

వడగడుతున్న చెయ్యి ఆగింది. "ఎవలు హాజరు కాలేదు?"

"వాది."

"అంటె నేనా? నేను రాలేదని రాసిండా? ఆయన నా పక్కనే కూసున్నడు గదే! నేను తీసుకొచ్చిన సర్వపిండి సుత తిన్నడు! ఇంకో ముక్క అడిగిండు!"

ఇద్దరం నవ్వాం. చాలాసేపు నవ్వాం. ఆవిడే ముందు ఆగింది. "ఆయనకు రాయి. గామె వచ్చింది, పొద్దున్నించి ఉన్నది అని రాయి."

రాశాను. నేను రాస్తే బాగానే రాస్తాను. ప్రొఫెసర్‌గారు వెంటనే జవాబిచ్చారు, ఎంతో మర్యాదగా. ఆవిడ దయను తానూ, జపాన్ సహోద్యోగీ ఎన్నటికీ మరువలేమన్నారు. ఆ రోజు ఆవిడ అక్కడే ఉన్నారన్నది నిజమేనన్నారు. అయితే చట్టం దృష్టిలో ఆవిడ హాజరు కానట్టేనని, ఈ విషయం తనకు అక్కడికక్కడే ఎంతో స్పష్టంగా వివరించిన నిపుణురాలి పేరు కూడా ఆ చిన్న అక్షరాల్లోనే కృతజ్ఞతలతో ఇచ్చానని, చూసుకోమని రాశారు.

చూసుకున్నాను. నా పేరు, ఒక్క అక్షరం తప్పు పోకుండా ఉంది.

కాబట్టి నేను, మారేడ్‌పల్లి సులోచన మేనకోడలు స్వప్నను, పూర్తి స్పృహతో, ఎవరి బలవంతమూ లేకుండా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట కోర్టులో గానీ, ఆసుపత్రిలో గానీ, రేషన్ షాపులో గానీ ఎవరి పేరు పిలిచి ఎవరూ పలకకపోయినా నేను లేస్తాను. పూర్తిగా లేస్తాను. "ఉన్నదండీ, బయట ఎవరికో నీళ్లు తాగిస్తోంది, వస్తుంది" అని హాలంతా వినపడేలా చెబుతాను. మీరెవరని అడుగుతారు. ఎవలన్న ఒకరు అంటాను.